నిప్పులో తెల్ల డయల్

ఆ రోజు ఉదయం భూతద్దం వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ కాగానే భార్యను డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి, సాయంత్రం తాను ఇవ్వబోయే ఉపన్యాసాన్ని ఒకసారి అప్పజెప్పాలి. ఆమె "బాగుంది" అనాలి. ఆ తరువాత తాను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దర్జాగా షాపుకు వెళ్ళాలి. ఇందులో ఎవరికీ ఏ కష్టమూ లేదు, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

భూతద్దం అతని అసలు పేరు కాదు. అతను ఖరీదైన చేతిగడియారాలు అమ్మే షాపులో పనిచేస్తాడు. గడియారాలను పరీక్షించడానికి కంటికి తగిలించుకునే చిన్న భూతద్దాన్ని నుదుటి మీదికి నెట్టుకుని తిరగడం అతని అలవాటు. షాపులోనే కాదు, కూరగాయల బండి దగ్గరా అంతే, పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గరా అంతే. ఒకసారి బంధువుల ఇంట్లో పుట్టిన పసిపాపను కూడా ఆ అద్దంలోంచే చూసి, "పనితనం బాగుంది" అన్నాడట. అప్పటినుంచి పేరు స్థిరపడిపోయింది. దానికి అతను బాధపడలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

ఇప్పుడు షాపు యజమాని మేడ మీద కొత్తగా ఒక గది కట్టించాడు. కింద మెత్తని తివాచీ, పైన మంద్రమైన దీపాలు. ఆ గదిలో ఎనామెల్ డయల్ ఉన్న గడియారాలు తప్ప మరేమీ ఉండవు. దానికి పెద్దగా ఎవరిని కూర్చోబెట్టాలో యజమాని ఇంకా తేల్చలేదు. భూతద్దం సగం జీవితం కింది అంతస్తులో కౌంటరు వెనక నిలబడి, వచ్చినవాళ్ళకు బెల్టులు బిగిస్తూ, బ్యాటరీలు మారుస్తూ గడిపాడు. ఆ గది కన్నా ఆ గదిలో వేసిన కుర్చీ మీదే అతనికి మనసు ఎక్కువ. చేతులున్న కుర్చీ, వెనక్కి వాలితే వాలే కుర్చీ. ఆ కుర్చీ కోసమే ఒక రోజు యజమాని ముందు నోరు జారాడు.

"ఎనామెల్ సంగతి నాకు వదిలేయండి సార్. అసలుదేదో నకిలీదేదో రోడ్డు అవతల నుంచి చూసి చెప్పేస్తాను."

"అలాగా?" అన్నాడు యజమాని. మర్నాడు అతన్ని పిలిచి, మఖమలు గుడ్డ పరిచిన చిన్న పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. అందులో గడియారానికి బిగించని డయళ్ళు రెండున్నాయి. ఒకటి నల్ల అంకెలున్న తెల్లటి డయల్. రెండోది నీలం డయల్, దాని మీద ఎగరబోతున్న పిట్ట.

"రేపు సాయంత్రం జడ్జిగారు వస్తున్నారు. ఈ రెండింటిలో ఏది గొప్ప పనో పోల్చి చెప్పు. వీటిని చేసే కంపెనీ నుంచి ఎనామెల్ కళాకారిణి కూడా వస్తుంది. ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా చూసుకో, సాయంత్రానికి వస్తే చాలు. రేపు నీ మాట విన్నాకే ఆ పైగది విషయం తేలుస్తాను."

జడ్జిగారంటే రిటైరైన జడ్జి. గడియారాలంటే పడి చస్తారు. భూతద్దం ఆ పెట్టెను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టుకుని బస్సెక్కాడు. ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాడు. ఎదుటి సీటులో కూర్చున్న ముసలాయన అతని వాలకం చూసి, "గుండె నొప్పా నాయనా?" అంటూ లేచి సీటిచ్చాడు.

ఇక ఆ ఉదయానికి వద్దాం. సాయంత్రం కార్యక్రమానికి భార్యలను కూడా పిలిచారు. అందుకని ఆమె ఆఫీసుకు సెలవు పెట్టి, టేబుల్ దగ్గర కూర్చుని గోళ్ళకు ఎర్ర రంగు వేసుకుంటోంది.

"నేను మాట్లాడేటప్పుడు ఆ సీసా పక్కన పెట్టకూడదూ?"

"చెవులు ఖాళీగానే ఉన్నాయిగా. మీరు కానివ్వండి."

భూతద్దం డయళ్ళు రెండూ టేబుల్ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఎనామెల్ అంటే గాజు. గాజును మెత్తగా నూరి, కడిగి, లోహపు బిళ్ళ మీద పల్చగా పరిచి, కొలిమిలో కరిగిస్తారు. చల్లారాక మళ్ళీ పొడి, మళ్ళీ కొలిమి. ఈ నీలం డయల్ చూడండి. వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగను వంచి పిట్టను గీశారు. ఆ తీగల మధ్య గదుల్లో ఒక్కొక్క రంగూ నింపారు. చూడగానే ఎవరైనా ఆహా అంటారు. ఇక ఈ తెల్లది. ఇందులో చూడ్డానికి ఏముంది? ఏమీ లేదు. కానీ తెలుపు దేన్నీ దాచదు. ఒక్క దుమ్ము కణం పడినా, ఒక్క బుడగ లేచినా పనంతా బూడిదలో పోసినట్టే. ఏమీ లేనట్టు కనిపించడానికి పడ్డ కష్టమే తెలుపులోని గొప్పతనం."

"ఇల్లు ఊడ్చినట్టన్నమాట" అంది భార్య బొటనవేలి గోరు మీద ఊదుకుంటూ. "ఊడిస్తే ఎవరూ చూడరు. ఒక్క రోజు ఊడవకపోతే అందరూ చూస్తారు."

ఆ పోలిక భూతద్దానికి నచ్చింది. నచ్చినట్టు బయటపడితే అలుసైపోతానని, సాయంత్రం తన సొంత మాటలా వాడుకుందామని మనసులో దాచుకున్నాడు. ఆ సంబరంలో "అందుచేత మహాశయులారా!" అంటూ చెయ్యి విసిరాడు. ఆ చెయ్యి వెళ్ళి భార్య మోచేతికి తగిలింది. ఆమె చేతిలోని కుంచె మీద నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి, తెల్ల డయల్ మీద, సరిగ్గా ఏడు అంకె పక్కన పడింది.

ఆమె "అయ్యో!" అంది. అతను నవ్వాడు.

"కంగారు పడకు. ఇది గాజు. గాజుకు మరకేమిటి? ఆ రంగు తుడిచే మందు ఇలా ఇవ్వు."

దూది ముంచి, సుతారంగా ఒక్కసారి తుడిచాడు. ఎరుపు పోయింది. ఎరుపుతో పాటు ఏడు కూడా పోయింది. ఆరు తరువాత తిన్నగా ఎనిమిది ఉంది. మధ్యలో మచ్చలేని తెలుపు.

"ఏవండీ" అంది భార్య మెల్లగా, "గాజైతే అంకె ఎలా పోయింది?"

భూతద్దం లాంటి తెలిసినవాడికి ఒక చిక్కుంది. ఏ వింత జరిగినా వాడి దగ్గర దానికి కారణం సిద్ధంగా ఉంటుంది. "ఇది పాత పద్ధతి. అంకెలను ఆఖర్న సన్నటి సెగ మీద అంటీ అంటనట్టు అతికిస్తారు. అంత నాజూకైన పని కాబట్టే అంత ఖరీదు."

"ఖరీదైనవైతే దూది తగిలితే ఊడిపోతాయా?"

"నీకు తెలీదు, ఊరుకో."

ఆమె ఊరుకుంది. కానీ అతను ఊరుకోలేకపోయాడు. ఏడు లేని డయల్‌ను జడ్జిగారి ముందు పెట్టడమెలా? కుర్చీ సంగతి దేవుడెరుగు, కింద కౌంటరు వెనక నిలబడే చోటు కూడా మిగలదు. భూతద్దం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి భార్య మనసు కరిగింది.

"మా తమ్ముడి దగ్గర కొలిమి ఉందిగా" అంది.

తమ్ముడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు కొలతలు తీసి పంపితే, వాటి ప్రకారం కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్ అతనిది, రెండు వీధుల అవతల. పింగాణీ పొడిని కుంచెతో లోహం మీద అద్ది, చిన్న కరెంటు కొలిమిలో కాల్చడమే అతని పని. ఇద్దరూ హుటాహుటిన బయలుదేరారు. ఆమెకు ఒక చేతి గోళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెండో చేతి గోళ్ళు అలాగే ఉన్నాయి.

ల్యాబ్ గోడల నిండా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. లోపలికి ఎవరు వచ్చినా అవన్నీ కలిసికట్టుగా నవ్వుతున్నట్టు ఉంటాయి. భూతద్దానికి ఆ నవ్వు ఎప్పుడూ నచ్చదు, ఆ రోజు అసలే నచ్చలేదు. బావమరిది మాత్రం డయల్‌ను చేతిలోకి తీసుకుని తేలిగ్గా పెదవి విరిచాడు.

"ఇంతేనా బావా? ఇది పన్ను కన్నా సులువు. దీనికి చిగుళ్ళు లేవు, కొరికి చూడమనక్కర్లేదు, నొప్పి అని రాత్రి ఫోన్ చెయ్యదు."

"అంకె ఒక్కటే రాయాలిరా. నల్లగా."

"నల్లది లేదు. గార రంగుంది."

"గారేమిట్రా?"

"టీలు తాగి, పొగ తాగి పళ్ళు గారపట్టినవాళ్ళుంటారుగా. వాళ్ళకు కొత్త పన్ను తెల్లగా పెడితే పక్కవాటితో కలవదు. అందుకని దానికి కూడా కాస్త గార పెడతాం. రెండు పూతలు వేస్తే నల్లగానే కనిపిస్తుంది."

ప్రపంచంలోని గొప్ప కళల్లో ఒకటిగా తాను పొగిడే పని మీద టీ గార పూయడం భూతద్దానికి సుతరామూ ఇష్టం లేదు. కానీ గత్యంతరం లేదు. బావమరిది నిజంగా చెయ్యి తిరిగినవాడు. చూస్తుండగానే ముచ్చటైన ఏడు అంకె దిద్దాడు. దిద్ది, కొలిమి ముందు ఆగాడు.

"బావా, ఇది కాల్చితేనే నిలుస్తుంది. కింద ఉన్నది వేడికి తట్టుకుంటుందా?"

భూతద్దం ఛాతీ ఉబ్బింది. "ఎనామెల్ నిప్పులో పుట్టిందిరా. నిప్పుకు భయపడుతుందా? పెట్టు!"

పెట్టాడు. కొలిమి తలుపు మెల్లగా మూసుకుంది. కాసేపటికి గదిలో వాసన వచ్చింది.

"నీ మెషిన్‌లో ఏదో వైరు కాలుతున్నట్టుంది, చూసుకో" అన్నాడు భూతద్దం.

"వైరు కాదు బావా" అన్నాడు బావమరిది.

కొలిమి కూత పెట్టి తెరుచుకుంది. తెల్ల డయల్ ఉండాల్సిన చోట బుడగలు లేచి, పొక్కులు కట్టి, మాడి మసైన నల్లటి బిళ్ళ ఉంది. దాని మీద నిలబడిన ఒకే ఒక్క అంకె, బావమరిది రాసిన ఏడు.

భూతద్దం దగ్గర్లోని స్టూలు మీద కూలబడ్డాడు. అరల్లో దవడలన్నీ నవ్వుతున్నాయి. అతను కొలిమికేసి వేలు చూపించాడు. "నీ కొలిమే తప్పు. ఇది పళ్ళ కొలిమి. దీనికి గడియారాల కొలిమి కావాలి."

"వేడికి పన్నేంటి, గడియారమేంటి బావా?"

"అసలు అది..." అని భార్య ఏదో అనబోయింది.

"నువ్వు మాట్లాడకు!" అన్నాడు భూతద్దం. ఆమె చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోయింది. ఆ ఒక్క వాక్యం అప్పుడు పూర్తయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ బావగారు ఏడుపు మొహం పెట్టడం చూసి బావమరిదికి పౌరుషం వచ్చింది.

"ఊరుకో బావా. సాయంత్రం లోపల కొత్తది చేసిస్తాను. పళ్ళ కింద పోసే లోహంతో బిళ్ళ పోస్తాను, పైన పింగాణీ పరుస్తాను. తెలుపెలాంటిదో చెప్పు చాలు."

సొరుగులోంచి ఒక పట్టీ తీశాడు. దాని మీద వరసగా పళ్ళున్నాయి, ఒక్కో పన్నుదీ ఒక్కో తెలుపు. మనిషి నోటిలో ఇన్ని తెలుపులుంటాయని భూతద్దానికి అప్పటిదాకా తెలియదు. అద్దం కంటికి దించుకుని ఒక్కోదాన్నీ పరిశీలించాడు.

"ఇది సినిమావాళ్ళు అడిగే తెలుపు" అన్నాడు బావమరిది.

"మరీ సున్నం కొట్టినట్టుంది."

"ఇది పెళ్ళికూతుళ్ళది."

"నీలం కొడుతోంది."

"అయితే ఇది చూడు. యాభై దాటి, రోజూ టీ తాగుతూ, పూటపూటా శుభ్రంగా తోముకునేవాళ్ళది."

భూతద్దం కళ్ళు మెరిశాయి. అచ్చంగా అదే. పాలలో మీగడ చాయ కలిసిన తెలుపు. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఆ రంగును ఇంత వివరంగా ఎవరూ వర్ణించలేదు.

మొదటి బిళ్ళ పగిలింది. రెండోదాని మీద దుమ్ము పడింది. మూడోది చూసి బావమరిది "అద్భుతం" అన్నాడు గానీ, భూతద్దం అద్దంలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాలుగు అంకె దగ్గర సూదిమొనంత బుడగ."

"నోట్లో భూతద్దం పెట్టి ఎవరు చూస్తారు బావా?"

"వీళ్ళు పెడతారు. మళ్ళీ చెయ్యి."

మధ్యాహ్నం దాటేసరికి భూతద్దం చొక్కా చేతులు మడిచి తానే పొడి నూరుతున్నాడు. తానే కుంచెతో పరుస్తున్నాడు. వేలు కూడా కాల్చుకున్నాడు. భార్య పక్కన నిలబడి గాలికి దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపి, కిటికీ మూసి, అందరి చెమటా తుడుస్తోంది. సరిగ్గా అప్పుడే యజమాని నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం చేస్తున్నావ్? డయళ్ళు బాగా చూశావా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాడు. కానీ యజమాని గొంతు వింటే అతనికి చిన్నప్పుడు హెడ్మాస్టరు ముందు నిలబడినట్టుంటుంది. వెనకాల కొలిమి కూత పెట్టింది. కంగారులో నిజం జారిపోయింది. "తెల్లదాన్ని నిప్పులో పెట్టి చూశాం సార్."

అవతల యజమాని నవ్వు, పెద్దగా, చాలాసేపు. "నిప్పులోనా! సరే సరే. ఇంకేమీ చెప్పకు. సాయంత్రం మాట్లాడుకుందాం" అని పెట్టేశాడు.

"నవ్వాడు" అన్నాడు భూతద్దం పాలిపోయిన మొహంతో. "ఉద్యోగం తీసేసే ముందు పెద్దవాళ్ళు అలాగే నవ్వుతారు."

"చెప్పేశారుగా, ఇంక భయమెందుకు? ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం" అంది భార్య.

"కోపంలో సగమే విన్నాడేమో. ముందు ఇది పూర్తి కానీ."

ఆఖరి బిళ్ళ కొలిమిలోంచి బయటికొచ్చినప్పుడు ముగ్గురూ దాని మీదికి వంగారు. వేడి తగ్గుతున్నకొద్దీ తెలుపు లోపలినుంచి పైకి తేలుతున్నట్టు వచ్చింది. అంకెలు గోధుమ ఛాయ తొంగిచూసే నలుపులో నిండుగా ఉన్నాయి. భూతద్దం అద్దం పెట్టి అంచుల చుట్టూ చూశాడు, మధ్యలో చూశాడు, మళ్ళీ అంచులు చూశాడు. ఇన్నేళ్ళుగా ఈ పని గురించి నోరారా చెప్పాడే గానీ, ఇందులో ఊపిరి బిగబట్టడం ఇంత ఉంటుందని అతనికి తెలియలేదు. కాసేపు కుర్చీ సంగతి మరిచిపోయాడు. నిజంగా సంతోషించాడు.

కట్టుడు పళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలోనే డయల్‌ను పెట్టుకుని ముగ్గురూ షాపుకు చేరారు. తన పన్ను ఎలా ఉందంటారో వినాలని బావమరిది కూడా వచ్చాడు. పైగదిలో పది పదిహేను మంది పెద్దమనుషులు కూర్చున్నారు. ముందు వరసలో జడ్జిగారు. ఆయన పక్కన ఒళ్ళో చేతిసంచీతో నెరిసిన జుట్టు కళాకారిణి. బల్ల వెనక ఆ కుర్చీ ఖాళీగా ఉంది. యజమాని భూతద్దాన్ని చూసి కన్నుగీటాడు. ఉద్యోగం తీసేసే ముందు కన్ను కూడా గీటుతారేమోనని భూతద్దం భయపడ్డాడు.

పళ్ళెంలో తెల్లదీ నీలందీ పక్కపక్కన పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. కాసేపటికి భయం తగ్గింది. తెలుపు దేన్నీ దాచదన్నాడు. ఇల్లు ఊడ్చడం గురించి చెప్పాడు, అందరూ నవ్వారు. వెనక వరసలో అతని భార్య మాత్రం నవ్వలేదు. ఆమె పక్కన బావమరిది ఎవరు నవ్వితే వాళ్ళ నోటికేసి చూస్తున్నాడు. "ఆ జడ్జిగారి పై వరస మన ల్యాబ్‌ది కాదక్కా, రంగు కలవలేదు" అని గుసగుసలాడాడు.

జడ్జిగారు అద్దం అడిగి తీసుకుని తెల్ల డయల్‌ను చూశారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. తరువాత నీలందాన్ని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేశారు.

"తెల్లదానిలో లోతుంది. చూపు లోపలికి దిగుతోంది. ఈ పిట్ట మాత్రం గోడ క్యాలెండర్ మీద పిట్టలా ఉంది. తీగ అన్నారు, తీగ ఎక్కడ?"

భూతద్దం గతుక్కుమన్నాడు. పళ్ళ ల్యాబ్‌లో చేసినదానికి పొగడ్త, తాము చెయ్యి వెయ్యనిదానికి తిట్టు! పైగా ఆ పిట్టను చేసినామె ఎదురుగానే ఉంది. "అలా అనకండి సార్" అన్నాడు తడబడుతూ. "అది మేడమ్‌గారి చేతిపని. తీగ అంత సన్నం కాబట్టే మన కంటికి ఆనడం లేదు. నేను రాత్రంతా చూశాను, ప్రతి తీగా..."

"జడ్జిగారు చెప్పిందే నిజం" అంది కళాకారిణి. "ఆ పిట్టను నేను చెయ్యలేదు. మా ఆఫీసులో మెషిన్ అచ్చు కొట్టింది. అసలు డయళ్ళు మేం ముందుగా ఎవరికీ పంపం. మాట్లాడేవాళ్ళు సాధన చేసుకోవడానికి రంగు పూసిన నమూనాలు పంపుతాం. ఇవి మా దగ్గర గుప్పెళ్ళకొద్దీ ఉంటాయి, తిరిగి ఇమ్మని కూడా అడగం. అసలువి నా సంచీలో ఉన్నాయి. తెల్లది కూడా..." అంటూ తెల్ల డయల్‌ను చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. గోటితో తట్టింది. అద్దం పెట్టి చూసింది. దీపం కింద వాలుగా పట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇది మేం పంపింది కాదు. ఇది నిప్పు చూసిన గాజు. ఈ పళ్ళెంలో ఉన్న అసలైన ఎనామెల్ ఇదొక్కటే. ఎవరు చేశారిది?"

ఉదయం నుంచి జరిగినవన్నీ భూతద్దం కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. దూదికి ఊడిపోయిన ఏడు. ప్లాస్టిక్ కాలిన వాసన. గొంతులో ఆగిపోయిన భార్య మాట. రోడ్డు అవతల నుంచి చూసి చెప్పేస్తానన్న మనిషికి, రాత్రంతా కంటికి ఆనించుకుని చూసినా అచ్చు బొమ్మ అచ్చు బొమ్మలా కనిపించలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు యజమాని లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"అవి నమూనాలని నేను కావాలనే ఇతనికి చెప్పలేదు. కనిపెడతాడో లేదో చూద్దామని. మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? నిప్పులో పెట్టి చూశాం సార్ అన్నాడు! నకిలీ అని అప్పటికే పట్టేశాడు. పట్టుకుని ఊరుకోలేదు. అసలైనది ఒకటి చేయించి, అచ్చు బొమ్మ పక్కన పెట్టి, తేడా జడ్జిగారి నోటే చెప్పించాడు. ఇంతకన్నా మంచి పోలిక ఇంకెవరు చూపించగలరు? ఈ గది ఇతనిదే!"

చప్పట్లు మోగాయి. ఎవరో కుర్చీని వెనక్కి జరిపారు. భూతద్దం కుర్చీకేసి చూశాడు. నోరు మూసుకుంటే చాలు, వెళ్ళి కూర్చోవచ్చు. మూసుకుందామనే అనుకున్నాడు. ఆ కుర్చీ అతనికి అంతగా కావాలి. కానీ కళాకారిణి దగ్గరికొచ్చి, "ఎలా కనిపెట్టావు బాబూ? మావాళ్ళకి చెబుతాను" అని ఆప్యాయంగా అడిగింది. ఆమె వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. అతని వేలి మీద కొత్తది ఇంకా మండుతోంది. ఆ చేతుల ముందు అబద్ధం చెప్పడానికి అతనికి మనసు రాలేదు.

"నేను కనిపెట్టలేదమ్మా" అన్నాడు. "అసలుదనుకునే నిప్పులో పెట్టాను."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నిజం సార్. దాని మీద మా ఆవిడ గోళ్ళ రంగు పడింది. తుడిస్తే ఏడు పోయింది. ఏడు రాయించడానికి మా బావమరిది పళ్ళ ల్యాబ్‌కి వెళ్ళాం. అక్కడ కాలిపోయింది. భయపడి ఇంకోటి చేశాం. ఆ అంకెలు టీ తాగేవాళ్ళ పళ్ళకు పూసే గార!"

గది గది అంతా పగలబడి నవ్వింది. బావమరిది లేచి నిలబడ్డాడు. "అవునండీ, నేనే సాక్షి. ఆ తెలుపు యాభై దాటినవాళ్ళ ముందుపళ్ళది" అన్నాడు. దాంతో నవ్వు రెట్టింపయింది. జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారు.

"సాక్షిని కూడా వెంటబెట్టుకొచ్చాడు! ఇన్నేళ్ళు కోర్టులో కూర్చున్నాను గానీ ఇంత చక్కటి కట్టుకథ ఎక్కడా వినలేదు."

"చూశారా వినయం?" అన్నాడు యజమాని గర్వంగా. "ఇంకొకడైతే డప్పు కొట్టుకునేవాడు."

"సార్, దేవుడి మీద ఒట్టు..." అంటుండగానే నలుగురు కలిసి భూతద్దాన్ని భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టేశారు. కుర్చీ మెత్తగా వెనక్కి వాలింది. అతను గది అంతా కలయజూశాడు. వెనక వరసలో, ఒక చేతి గోళ్ళకే రంగున్న అతని భార్య నవ్వకుండా, కళ్ళార్పకుండా వింటోంది.

సాక్షిని మినహాయిస్తే, ఆ సాయంత్రం అతను చెప్పిన ప్రతి మాటనూ నమ్మింది ఆమె ఒక్కతే. పెళ్ళయినప్పటి నుంచి అలా జరగడం అదే మొదటిసారి.